దయ్యం లేని దయ్యాల ఓడ

సముద్రం మీద నడిచే భయానక చిత్రం అనగానే మనకు వెంటనే స్ఫురించే సరంజామా ఒకటున్నది. పొగమంచు, చిరిగిన తెరచాపలు, ఎవరూ పట్టకుండానే తిరిగే చుక్కాని, అర్ధరాత్రి ఓడ అడుగుభాగంలో వినిపించే అడుగుల చప్పుడు. పేరులోనే దయ్యం ఉన్న చిత్రమైతే ఇక చెప్పనే అక్కరలేదు. అట్లా ఆశించి ‘ది ఘోస్ట్ షిప్’ చూడబోయినవారికి ఆశాభంగం తప్పదు. 1943లో వచ్చిన ఈ అమెరికన్ చిత్రంలో ఒక్క దయ్యమైనా లేదు. (2002లో ఇంచుమించు ఇదే పేరుతో వచ్చిన రంగుల చిత్రం వేరు, అందులో దయ్యాలకు కొదవ లేదు. పొరపాటున దానిని చూచి నన్ను నిందించవద్దని మనవి.) ఇందులో ఉన్నది ఒక సరకుల ఓడ, దానికొక కెప్టెన్, ఆయన క్రింద పనిచేసే నావికులు. ఆయన మనుషులను చంపుతుంటాడు. వాళ్ళు ఆయనను మంచివాడంటుంటారు. నన్ను భయపెట్టినది ఈ రెండవ వాక్యమే. ఈ టపా వ్రాయడానికి కారణం కూడా అదే.

ముందు చిత్రం పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాలి. దీని నిర్మాత వాల్ ల్యూటన్. 1904లో యాల్టాలో పుట్టి, బాల్యంలోనే తల్లితో అమెరికా చేరినవాడు. సెల్జ్నిక్ అనే పెద్ద నిర్మాత దగ్గర కథల విభాగంలో కొన్నేళ్ళు పనిచేశాడు. 1942లో ఆర్.కె.ఓ. కంపెనీ చవకగా భయానక చిత్రాలు తీయడానికి ఒక చిన్న విభాగం పెట్టి, దానిని ఈయన చేతిలో పెట్టింది. కంపెనీ వారి షరతులు మూడు. ఖర్చు లక్షన్నర డాలర్లు దాటరాదు. నిడివి డెబ్బైయైదు నిమిషాలు మించరాదు. మూడవది విచిత్రం: పేరు కంపెనీ వారే పెడతారు, ఆ పేరుకు తగిన కథను ఈయన అల్లుకోవాలి.

ఇది చదివినప్పుడు నాకు మన అవధానాలలోని సమస్యాపూరణం జ్ఞాపకం వచ్చింది. పృచ్ఛకుడు అసంబద్ధమైన పాదమొకటి విసురుతాడు. అవధాని మిగిలిన మూడు పాదాలతో దానికి ఔచిత్యం కల్పించాలి. ‘క్యాట్ పీపుల్’, ‘ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ’ వంటి పేర్లు కంపెనీ వారిచ్చిన సమస్యలే. ల్యూటన్ మంచి అవధాని. సంతలో అరిచే పేరును తీసికొని, దాని క్రింద మనుషుల మనసుల కథను పూరించేవాడు. ‘దయ్యాల ఓడ’ అనే సమస్యకు ఆయన పూరణం చూడండి: ఓడ మీద దయ్యాలు లేవు, ఉన్నది చచ్చిన మనస్సాక్షి. కంపెనీలో మరో చిత్రానికి వేసిన ఓడ సెట్టు అప్పటికే ఉన్నది. దానిలోనే చిత్రమంతా నడిపించారు. సముద్రమన్న పేరే గాని అసలు సముద్రం మనకు కనబడేది బహుస్వల్పం. చిత్రంలో ఎక్కువ భాగం ఇరుకు గదులు, ఇనుప మెట్లు, నీడలు. నికొలస్ ముసురాకా అనే ఛాయాగ్రాహకుడు వెలుగు కంటె చీకటిని శ్రద్ధగా చిత్రించాడు.

దర్శకుడు మార్క్ రాబ్సన్. ఆయనకు ఇది రెండవ చిత్రం. (ఈయనే తరువాత 1963లో గాంధీజీ హత్య మీద ‘నైన్ అవర్స్ టు రామా’ తీశాడు. అధికారం, హత్య, మౌనం అనేవి ఆయనను చివరిదాకా విడువలేదేమో!) మొత్తం చిత్రం అరవై తొమ్మిది నిమిషాలు. మన చిత్రాలలో విశ్రాంతికి ముందు సగం కూడా అంతకంటె పొడుగే.

కథ ఇది. టామ్ మెరియమ్ అనే యువకుడు ఆల్టెయిర్ అనే ఓడలో మూడవ అధికారిగా చేరతాడు. కెప్టెన్ పేరు స్టోన్, అంటే రాయి. (పేరు పెట్టడంలో ఈపాటి మొరటుదనం క్షమించవచ్చును.) స్టోన్ వేషం వేసిన రిచర్డ్ డిక్స్ ఆనాటి ప్రేక్షకులకు నాయకుడిగా చిరపరిచితుడు, 1931 నాటి ‘సిమరాన్’ కథానాయకుడు. అంటే, చూడగానే నమ్మబుద్ధి వేసే ముఖం. అక్కడే సగం పని అయిపోయింది. స్టోన్ మెరియమ్‌ను ఆదరంగా చూస్తాడు. తాను కూడా ఒకప్పుడు ఇట్లాంటి కుర్రవాణ్ణేనంటాడు. గురువు శిష్యుణ్ణి కూర్చోబెట్టుకొని చెప్పినట్లు అధికారం గురించి పాఠాలు చెబుతాడు.

ఆ పాఠాలలో మొదటిది ఒక చిమ్మటతో మొదలవుతుంది. దీపం చుట్టూ తిరిగే చిమ్మటను మెరియమ్ కొట్టబోతే కెప్టెన్ వారిస్తాడు. దానిని చంపే హక్కు నీకు లేదు, దాని క్షేమం నీ మీద ఆధారపడి లేదు గనుక అంటాడు. వినడానికి ఎంత దయగా ఉన్నది! జీవకారుణ్యం ఉట్టిపడుతున్నది. కాని ఆ వాక్యాన్ని కాస్త త్రిప్పి చూడండి. ఎవరి క్షేమం మన మీద ఆధారపడి ఉన్నదో వాళ్ళను చంపే హక్కు మనకున్నదన్న మాట! కెప్టెన్ తర్కం సరిగ్గా అదే. ఓడలోని ప్రాణాలకు పూచీ నాది. కనుక ఆ ప్రాణాల మీద అధికారమూ నాదే. కంచె వేసినవాడు నేను గనుక చేను మేసే హక్కు నాదే అన్నట్లు. మన పెద్దలు ‘కంచే చేను మేస్తే’ అని ఊరుకొన్నారు గాని, ఆ కంచెకు కూడా ఒక సిద్ధాంతం ఉంటుందని, అది చాలా మర్యాదగా మాట్లాడుతుందని ఈ చిత్రం చూచిన తరువాతనే నాకు బాగా అర్థమైంది.

మర్యాద అన్నాను గనుక ఇక్కడ కొంచెం ఆగాలి. తెలుగు పాఠాలు చెప్పి బ్రతికినవాణ్ణి. మాట దగ్గర ఆగడం నాకు అలవాటు.

ఓడలో మనుషులు చాలడం లేదని, దగ్గరి రేవులో ఆగి కొందరిని చేర్చుకొంటే బాగుంటుందని లూయీ అనే నావికుడు కెప్టెన్‌తో చెబుతాడు. తప్పు మాట కాదు. కెప్టెన్ కోపగించుకోడు. గొంతు పెంచడు. కొందరు కెప్టెన్లయితే దీన్ని మనసులో పెట్టుకొంటారు సుమా, లూయీ, అని మాత్రం అంటాడు. అంతే. ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శక్తులు చెప్పారు. ఈ వాక్యాన్ని అభిధలో చూస్తే ఊరడింపు. నేను ఆ కొందరిలో ఒకణ్ణి కాను, భయపడకు అని. వ్యంజనలో చూస్తే మరణశాసనం. ధ్వనికి ఉదాహరణగా మేము తరగతిలో ఎప్పుడూ చెప్పేది శృంగార శ్లోకాలే. భయానకానికి ధ్వని ఇంత చక్కగా ఉపకరిస్తుందని నాకు ఏ లక్షణ గ్రంథమూ చెప్పలేదు.

తరువాతి దృశ్యం చిత్రానికంతటికీ ఆయువుపట్టు. లంగరు ఎత్తుతున్నారు. లంగరు గొలుసు వచ్చి పడే గది ఓడ లోపల ఉంటుంది. మనిషి తొడంత లావు కొక్కేల గొలుసు పైనుంచి దిగుతుంటే, దానిని ఒక కొక్కెపు కర్రతో లాగి వరుసగా సర్దే పని లూయీది. కెప్టెన్ ఆ దారిన వస్తాడు. గది తలుపు చూస్తాడు. మూసి, గడియ వేసి వెళ్ళిపోతాడు. లోపల గొలుసు దిగుతూనే ఉంటుంది. లూయీ అరుస్తాడు. గొలుసు మ్రోతలో ఆ అరుపు ఎవరికీ వినబడదు. నెత్తురు లేదు, శవాన్ని చూపడం లేదు. ఇనుము ఇనుముతో కొట్టుకొనే శబ్దం, ఒక మనిషి ముఖం, క్రమంగా నిండుతున్న గది. (లూయీ వేషం వేసిన లారెన్స్ టియర్నీ తరువాతి కాలంలో కరకు నేరగాళ్ళ పాత్రలకు ప్రసిద్ధుడయ్యాడు. ఇక్కడ ఆయన కళ్ళలోని బెదురు చూచినవారికి ఆ కీర్తి వింతగా తోస్తుంది.)

నవరసాలలో భయానకమూ బీభత్సమూ వేరు వేరు. ఒకదానికి స్థాయీభావం భయం, రెండవదానికి జుగుప్స. ఇప్పటి దయ్యాల చిత్రాలలో చాలావాటికి భయానకమని పేరే గాని ఒలికించేది బీభత్సం. ప్రేగులు చూపి భయపెట్టామనుకొంటారు. ప్రేక్షకుడు భయపడడు, రోసిపోతాడు. రోత ఇల్లు చేరేసరికి పోతుంది. భయం పోదు. ఆ గొలుసు గది చూచి నాలుగు రోజులైనా, మా వీధిలో ఇనుప షట్టరు దించే చప్పుడు విన్నప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటూనే ఉన్నది.

ఇంత చెప్పినా, లూయీ చావు ఈ చిత్రంలో అత్యంత భయంకరమైన ఘట్టం కాదంటాను.

మెరియమ్‌కు సంగతి అర్థమవుతుంది. ఓడ సాన్ సెబాస్టియన్ అనే ద్వీపపు రేవు చేరగానే కంపెనీ ప్రతినిధి దగ్గరకు వెళ్ళి ఫిర్యాదు చేస్తాడు. విచారణ జరుగుతుంది. ఓడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కెప్టెన్ గురించి మంచిమాటలు చెబుతారు. వీళ్ళెవరికీ లంచమివ్వలేదు. ఎవరినీ బెదిరించలేదు. వాళ్ళు అబద్ధమాడుతున్నారని కూడా అనలేము. వాళ్ళు నిజంగానే అట్లా అనుకొంటున్నారు. ఆయన ఎన్నడూ గొంతు పెంచలేదు, ఓడను శుభ్రంగా ఉంచాడు, వేళకు రేవు చేర్చాడు. ఇంకేం కావాలి?

అందులో ఒక గ్రీకు నావికుడి సాక్ష్యం మరీ విషాదం. ప్రయాణంలో ఇతనికి కడుపులో ఇరవైనాలుగు గంటల పేగు వాచి ప్రాణం మీదకు వస్తుంది. వైద్యుడు రేడియోలో సూచనలిస్తుంటే కెప్టెన్ శస్త్రచికిత్స చేయాలి. కత్తి పట్టుకొన్న కెప్టెన్ కదలలేకపోతాడు. చివరకు కత్తి తీసికొని చికిత్స చేసి బ్రతికించినవాడు మెరియమ్. కాని కెప్టెన్ పరువు పోకూడదని, ఈ సంగతి పైకి పొక్కనీయవద్దని రేడియో ఆపరేటరు దగ్గర మాట తీసికొంటాడు కూడా. ఇప్పుడు ఆ గ్రీకువాడు విచారణలో నిలబడి, కెప్టెన్ నా ప్రాణదాత అంటాడు. మెరియమ్ వింటూ నిలబడతాడు. తాను దాచిన మంచితనమే తన మెడకు ఉరిగా బిగిసింది. ఇట్లాంటి మెలికను ల్యూటన్ బృందం అరవై తొమ్మిది నిమిషాలలో పట్టించడం చూస్తే, మూడు గంటల చిత్రాలు తీసేవాళ్ళు ఏం చేస్తున్నారనిపిస్తుంది.

ఈ విచారణ చూస్తుంటే నాకొక దస్త్రం గుర్తుకు వచ్చింది. నేను ఉద్యోగంలో ఉండగా బదిలీ మీద ఒక పాఠశాలకు వెళ్ళాను. ఊరి పేరు, బడి పేరు అనవసరం. పాత బీరువా సర్దుతుంటే, నేను వెళ్ళడానికి రెండేళ్ళ ముందు జరిగిన ఒక విచారణ కాగితాలు కనబడ్డాయి. అప్పటి ప్రధానోపాధ్యాయుడు ఒక పిల్లవాణ్ణి చెవి వినబడకుండా కొట్టాడని డ్రాయింగు మాస్టారు ఫిర్యాదు చేశారట. విచారణకు వచ్చిన అధికారి ఉపాధ్యాయులందరి దగ్గర వాఙ్మూలాలు వ్రాయించుకొన్నాడు. తొమ్మిది కాగితాలు, తొమ్మిది దస్తూరీలు. తొమ్మిదింటిలోనూ ఒకటే వాక్యం: వారు క్రమశిక్షణకు ప్రాణమిచ్చేవారు, పిల్లవాడు మెట్ల మీద జారిపడినాడు. వాక్యం ఒకటే కావడం వింత కాదు. ఒకరు వ్రాస్తే మిగిలినవారు చూచి వ్రాశారనుకోవచ్చును. కాని తొమ్మిదింటిలోనూ ‘క్రమశిక్షన’ అనే ఉన్నది, ణకారం బదులు నకారంతో. లెక్కల మాస్టారు మొదలు నాకు ముందున్న తెలుగు పండితుడి దాకా. తెలుగు పండితునికి ఆ మాట వ్రాయడం రాదా? వచ్చును. ఎదుట పెట్టిన నమూనాను దిద్దడానికి కూడా చేయి రాలేదు, అంతే. డ్రాయింగు మాస్టారు ఆ ఏడే బదిలీ అయి వెళ్ళిపోయారు. పిల్లవాడి పేరు ఫిర్యాదులో తప్ప మరెక్కడా లేదు.

ఆ తొమ్మిదిమందిలో ఐదుగురితో నేను తరువాత కలిసి పనిచేశాను. మంచివాళ్ళు. నా అమ్మాయి పెండ్లికి ముందుగా వచ్చి వంటల దగ్గర నిలబడి చూచుకొన్నది వాళ్ళే. వాళ్ళను దుర్మార్గులని నేను అనలేను. ఆల్టెయిర్ నావికులనూ అనలేను. అందుకే ఈ చిత్రం నన్నింతగా కలవరపెట్టింది.

సముద్ర కథలలో పిచ్చి కెప్టెన్లు కొత్త కాదు. మెల్విల్ ఏహాబ్ ఉన్నాడు, జాక్ లండన్ ‘సీ వుల్ఫ్’ ఉన్నాడు, 1954 నాటి ‘ది కెయిన్ మ్యూటినీ’లో హంఫ్రీ బోగార్ట్ వేసిన క్వీగ్ ఉన్నాడు. ఏహాబ్‌ది మహోన్మాదం, ఇతిహాసమంత పెద్దది. దాని ముందు నిలబడినవాడు కొట్టుకొనిపోవడంలో ఆశ్చర్యం లేదు. క్వీగ్ మీద తోటి అధికారులు తిరగబడతారు. స్టోన్ వీళ్ళెవరి వంటివాడూ కాదు. నీటుగా ఇస్త్రీ చేసిన దుస్తులలో, మెల్లని గొంతుతో, మన దగ్గర ఏ కార్యాలయంలోనైనా కనబడగలిగిన మనిషి. తన మనసు మీద తనకే అనుమానముందని ఎల్లెన్ అనే స్నేహితురాలి దగ్గర బయటపడతాడు కూడా. ఆ ఒక్క ఘట్టంలో ఆయన మీద జాలి కలుగుతుంది. వైద్యుడి దగ్గరకు వెళ్ళవలసిన మనిషి చేతిలో ఓడ ఉన్నది. అది చూచుకోవలసినవాళ్ళు చూడలేదు.

సంస్కృతంలో ఓడ నడిపేవాణ్ణి కర్ణధారుడంటారు. కర్ణమంటే చెవి మాత్రమే కాదు, చుక్కాని కూడా. ఎవరికీ చెవి ఒగ్గని కర్ణధారుణ్ణి చూస్తుంటే ఆ రెండర్థాలూ ఒక్క మాటలో ఎందుకు చేరాయా అని ఒక క్షణం అనుకొన్నాను. నిఘంటువులు చూస్తే ఏమైనా దొరకవచ్చు. మిత్రులెవరైనా చూచి చెబితే సంతోషిస్తాను.

మెరియమ్ ఓడ దిగిపోతాడు. రేవులో ఒక కొట్లాటలో దెబ్బ తిని స్పృహ తప్పితే, పాత స్నేహం కొద్దీ ఓడవాడొకడు మోసుకొని తెచ్చి మళ్ళీ ఆల్టెయిర్ మీదనే పడుకోబెడతాడు. ఉపకారమే, మళ్ళీ ఉపకారమే! కళ్ళు తెరిచేసరికి ఓడ నడిసముద్రంలో ఉన్నది. కెప్టెన్ వచ్చి మంచం దగ్గర నిలబడి అదే వాక్యం అంటాడు: కొందరు కెప్టెన్లయితే దీన్ని మనసులో పెట్టుకొంటారు సుమా. లూయీకి ఆ మాట అర్థం తెలియదు. మెరియమ్‌కు తెలుసు, మనకూ తెలుసు. పునరుక్తి దోషమని పిల్లల వ్యాసాలలో ఎర్ర సిరాతో ఎన్నిసార్లు గీతలు గీశానో! పునరుక్తే ప్రాణమైన చోటు ఇది.

ఇక అక్కడినుంచి కెప్టెన్ దాపరికం కూడా మానేస్తాడు. మనుషులు పశువుల మందవంటివాళ్ళని, వాళ్ళను తోలడానికి కొందరికే అధికారం దక్కుతుందని చెప్పి, పోయి వాళ్ళకు చెప్పుకో, ఎవరు నమ్ముతారో చూడు అంటాడు. మెరియమ్ చెప్పుకొంటాడు. ఎవరూ నమ్మరు. వాళ్ళకు తీరిక లేదు, ఆసక్తి లేదు. కెప్టెన్ పందెం గెలుస్తాడు. హంతకుడు తన సిద్ధాంతాన్ని నిరూపించుకోవడం, నిరూపణకు పనికివచ్చిన సరకు మంచివాళ్ళ బద్ధకం కావడం: దీనికంటె భయానకమేమున్నది?

మౌనం అర్ధాంగీకారమని సామెత. ఈ ఓడ మీద మౌనం పూర్ణాంగీకారమే. అయితే చిత్రంలో మరొక రకం మౌనం కూడా ఉన్నది. ఫిన్లాండు దేశపు మూగవాడొకడు ఓడలో పనిచేస్తుంటాడు. స్కెల్టన్ నాగ్స్ అనే నటుడు. ముఖమంతా స్ఫోటకపు మచ్చలు, చేతిలో కత్తి. మొదట చూడగానే వీడే దుష్టుడనుకొంటాము. దర్శకుడు అనుకోనిస్తాడు కూడా. ఇతనికి మాట రాదు, చదువూ రాదు. కాని చిత్రంలో మనసులోని మాట మనకు వినిపించేది ఇతనొక్కడిదే. ఎవరితోనూ మాట కలపలేడు గనుక మనుషులను చూస్తూ ఉంటాడు. చూస్తాడు గనుక తెలుస్తుంది. మిగిలిన అందరికీ నోళ్ళున్నాయి. ఆ నోళ్ళలోనుంచి వచ్చే మాటలన్నీ ఒకే నమూనాకు నకళ్ళు. నోరున్నవాడిదే రాజ్యమంటారు గాని, ఇక్కడ తీరా చూస్తే సొంత మాట ఉన్నది నోరు లేనివాడికే.

రేడియో ఆపరేటరుకు బయటినుంచి ఒక సందేశం వస్తుంది: మెరియమ్ మీ ఓడ మీద ఉన్నాడా అని. లేడని జవాబివ్వమంటాడు కెప్టెన్. అప్పటిదాకా మెరియమ్ మాట పెడచెవిని పెట్టిన ఆపరేటరుకు అప్పుడు కళ్ళు తెరుచుకొంటాయి. ఆ కళ్ళు ఎంతోసేపు తెరిచి ఉండవు. అలల్లో కొట్టుకొనిపోయాడని లోకానికి మరో సందేశం వెళుతుంది. ఆ కాలపు ఓడ ఎంతటి ఒంటరి ప్రపంచమో ఇక్కడ తెలుస్తుంది. బయటికి పోయే ప్రతి మాటా కెప్టెన్ చేతిమీదుగా పోవలసిందే. ఓడలో జరిగిందేమిటో తీరంలో ఉన్నవాళ్ళకు ఆయన చెప్పిందే నిజం. ఆపరేటరు జారవిడిచిన కాగితం చదవడం రాని మూగవాడి చేతికి దొరుకుతుంది.

చివరి పోరాటం చీకటి గదిలో. మెరియమ్‌కు మత్తుమందిచ్చి మంచానికి కట్టేశారు. పిచ్చివాడనుకొని, అతని మేలు కోరే! కెప్టెన్ కత్తితో వస్తాడు. మూగవాడు అడ్డుపడతాడు. ఇద్దరూ పెనుగులాడుతుంటే, పైన డెక్కు మీద సర్ లాన్సిలాట్ అనే ట్రినిడాడ్ గాయకుడు హాయిగా పాట పాడుకొంటుంటాడు. లోపల జరిగేది పైవాళ్ళకు తెలియదు. గొలుసు మ్రోతలో లూయీ అరుపు వినబడలేదు. పాటలో ఈ పెనుగులాట వినబడదు. ఒకడు అరవగలిగీ వినిపించుకోలేకపోయాడు, మరొకడు అరవనే లేడు. కెప్టెన్ చచ్చిపోతాడు.

చిత్రానికి పట్టిన గతి కూడా చెప్పుకోవాలి. 1943 డిసెంబరులో విడుదలైంది. కొద్ది కాలానికే ఇద్దరు రచయితలు, తమ నాటకాన్ని కాపీ కొట్టారని కంపెనీ మీద దావా వేశారు. ఓడ కెప్టెన్ హంతకుడని ఒక్కడికే తెలియడం ఆ నాటకంలోనూ ఉన్నదని వాదన. ల్యూటన్ ఒప్పుకోలేదు. కాని కంపెనీ ఓడిపోయింది; 1950లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు కూడా రచయితల పక్షానే నిలిచింది. చిత్రాన్ని ప్రదర్శన నుంచి తీసివేశారు. ల్యూటన్ 1951లో గుండెజబ్బుతో పోయాడు, నలభై ఆరేళ్ళకే. సుమారు యాభై ఏళ్ళపాటు ఈ చిత్రం మూగదై ఉండి 1990లలో మళ్ళీ వెలుగు చూచింది. 2005లో ల్యూటన్ చిత్రాల డీవీడీ సంపుటంలో చేరింది. దావాలో న్యాయమెటున్నదో కోర్టుకు తెలుసు. నాకు మాత్రం ఒకటనిపిస్తుంది: 1943 అంటే యుద్ధకాలం. ఆజ్ఞ పాటించడమే పరమధర్మమని దేశమంతా చెప్పుకొంటున్న రోజులలో, ఆజ్ఞాపించేవాడికి మతి చలిస్తే ఏమిటని అడిగిన చిత్రమిది. ఆ ప్రశ్న యాభై ఏళ్ళు అలమరలో ఉండిపోవడం నష్టమే.

లోపాలు లేకపోలేదు. సంగీతం కొన్నిచోట్ల అనవసరంగా హెచ్చరికలు చేస్తుంది. స్త్రీ పాత్రలు కథలోకి అతిథులుగా వచ్చి వెళతాయి. మెరియమ్ వేషధారి రసెల్ వేడ్ మంచి కుర్రవాడే గాని, డిక్స్ ఎదుట పలుచనైపోయాడు. ఇవన్నీ సర్దుకోవచ్చును.

సర్దుకోలేనిది ఒకటున్నది. ఆఖరున మూగవాడి మనసులోని మాట మళ్ళీ వినబడుతుంది. కుర్రవాడు క్షేమం, మనుషులు స్వతహాగా మంచివాళ్ళన్న అతని నమ్మకం కూడా క్షేమం అని భావం. ఎంత వెదకినా నాకు ఆ క్షేమం కనబడలేదు. కుర్రవాణ్ణి కాపాడింది ఒక్కడు. మందు పెట్టి కట్టేసినవాళ్ళు, విచారణలో పొగిడినవాళ్ళు, చెబితే వినకుండా ముఖం త్రిప్పుకొన్నవాళ్ళు మిగతా ఓడంతా. మూగవాడు తెచ్చిచ్చిన కాగితం చదివాక మొదటి అధికారి బౌన్స్‌కు అనుమానం కలిగింది నిజమే. మరి లూయీ పోయినప్పుడు ఆ అనుమానం ఎక్కడున్నది? తమ కెప్టెన్ అబద్ధమాడినట్లు కాగితం మీద కనబడితేనే గాని తోటి మనిషి మాట నమ్మలేని వాళ్ళను మంచివాళ్ళనే లెక్క వేయాలా? నాకు తేలలేదు. చిత్రం చూచిన మిత్రులు, చూడబోయేవారు, ఆ బౌన్స్ గురించి ఏమనుకొంటారో వ్యాఖ్యలలో వ్రాయండి.